గుమస్తాకు వకాల్తా ఎవరేస్తరు?

వకీలు గుమస్తా ఊసు కోర్టు కాగితాలలో ఎక్కడుంటదో ఎరుకేనా? గడువు దాటినంక వేసే ఆలస్యం మాఫీ పిటిషన్‌లో ఉంటది. దాని వెంట పెట్టే అఫిడవిట్ తీసి నాలుగో పేరానో ఐదో పేరానో చదువుండ్రి. మా న్యాయవాది గుమస్తా ఈ కేసు కట్టను వేరే కట్టలలో కలిపి పెట్టినందున సకాలంలో దాఖలు చేయలేకపోయినాము, ఇది కావాలని చేసినది కాదు అని రాసి ఉంటది.

జడ్జి చదువుతడు. ఖర్చుల కింద ఇంత కట్టమంటడు. ఆలస్యం మాఫీ అయితది. కక్షిదారు బతికిండు, వకీలు పరువు దక్కింది, తప్పు గుమస్తా నెత్తిన పడ్డది. అక్కడ గూడ ఆయన పేరు రాయరు. గుమస్తా అంటరు, అంతే.

నేను ఇట్లాంటి అఫిడవిట్లు స్వయంగ టైపు చేసినోణ్ణి. ఒక్కోసారి ఫైలు తప్పిపోయిన మాట నిజమే. చానాసార్లు తప్పిపోయింది వకీలు సాబ్ యాది. కక్షిదారుకు పైసలు సర్దుబాటు గాక ఆగిన రోజులు గూడ ఉన్నయి. ఆలస్యం ఎవరిదైనా రాసే మాట ఒక్కటే. ఆ మాటను టైపు కొట్టేది గూడ గుమస్తానే. తన మీద తనే తప్పు మోపుకునే కాగితాన్ని తనే టైపు చేసి, పేజీ నంబర్లు వేసి, దారంతో కుట్టి, కౌంటర్‌లో ఇచ్చి వస్తడు. ఇంతకంటె చిత్రమైన కొలువు ఇంకోటి ఉంటదా?

అమీర్‌పేట నుంచి మూసీ దాక

2010లో డిగ్రీ పట్టా సంచిలో పెట్టుకొని నేను అమీర్‌పేటకు వచ్చిన. అందరి లెక్కనే జావా నేర్చుకుందామనే వచ్చిన. మైత్రీవనం ముంగట నిలబడి బోర్డులు చదివితే మెడ నొచ్చింది. కోర్సు ఫీజుకు, హాస్టల్ కిరాయికి ఇంటి నుంచి వచ్చే పైసలు సాలలేదు. పంజాగుట్ట దిక్కు ఒక వకీలు ఆఫీసులో పొద్దు గూకినంక టైపింగుకు కుదిరిన. నెలకు రెండున్నర వేలు. నియామక పత్రం అడగాలన్న తెలివి నాకు లేదు, ఇయ్యాలన్న ఆలోచన వాళ్లకు లేదు.

ఆ ఆఫీసులో ఒక పెద్ద గుమస్తా ఉండె. నల్లగొండ దిక్కు మనిషి, వయసు యాభై దాటింది. నేను పెద్దన్నా అని పిలిచేది. కోర్టు అంటే ఏందో నాకు చెప్పింది ఆయననే. 'తమ్మీ, సార్ వాదించేది పది నిమిషాలు. ఆ పది నిమిషాలు రావాలంటే మనం పది నెలలు తిరగాలె' అనేటోడు.

ఆ తిరుగుడు ఎట్లుంటదో సదువుకున్నోళ్లకు సుత తెల్వదు. వకాల్తా మీద సంతకాలు తీసుకోవాలె. కోర్టు ఫీజు లెక్కగట్టాలె. వెల్ఫేర్ స్టాంపు అతికించాలె. దావా కాగితాలు కుట్టి, డాకెట్ రాసి ఫైలింగ్ కౌంటర్‌లో ఇస్తే ఎస్సార్ నంబర్ పడ్తది. రెండు రోజులకు సెక్షన్ వాళ్లు అభ్యంతరాలు రాసి తిప్పి పంపుతరు. ఫలానా పేజీ మసకగ ఉన్నదంటరు, ఫలానా తేదీ తప్పంటరు. సరిజేసి మల్ల వేయాలె. నంబరైనంక సమన్లకు బట్టా కట్టాలె. కట్టినంక సమన్లు నిజంగ పోయినయా అని సెక్షన్‌లో అడగాలె. రేపటి జాబితాలో కేసు ఎన్నో నంబర్ల ఉన్నదో రాత్రి చూసి సార్‌కు చెప్పాలె. ఒక్కటే పొద్దున సిటీ సివిల్ కోర్టులో ఒకటి, నాంపల్లిలో ఒకటి, హైకోర్టులో ఒకటి పిలిస్తే ఎక్కడ జూనియర్‌ను నిలబెట్టాలె, ఎక్కడ పాస్ ఓవర్ అడగాలె అన్న లెక్క గుమస్తా తలకాయలో ఉంటది.

అన్నిటికంటె పెద్దది నకలు. తీర్పు వచ్చిన రోజే సర్టిఫైడ్ నకలుకు దరఖాస్తు పడాలె. సివిల్ డిక్రీ మీద జిల్లా కోర్టుకు పోవాలంటే 30 రోజులు, హైకోర్టుకు పోవాలంటే 90 రోజులు గడువు. నకలు తయారు కావడానికి పట్టిన రోజులను లిమిటేషన్ చట్టం 12వ సెక్షన్ కింద ఆ గడువులోంచి తీసేస్తరు. అంటే దరఖాస్తు ఏ రోజు పడ్డది, నకలు ఏ రోజు తయారైంది అన్న రెండు తేదీల మీద ఒక రైతు రెండెకరాల భూమి నిలబడి ఉంటది. ఆ రెండు తేదీలు రాసిపెట్టుకునేది గుమస్తా డైరీ.

పెద్దన్న రోజూ అమీర్‌పేటలో బస్సెక్కేటోడు. రద్దీకి ఫైళ్లు నలుగుతయని ఎదకు ఆనించుకొని నిలబడేటోడు. ఇప్పుడు మెట్రో వచ్చింది. పొద్దున తొమ్మిది గంటలకు అమీర్‌పేట స్టేషన్‌లో ఎర్ర లైను బండి ఎక్కి చూడుండ్రి. టై కట్టిన పోరగాండ్ల నడుమ గుడ్డసంచిలో కేసు కట్టలు పట్టుకున్న మనుషులు కనబడ్తరు. కొందరు నాంపల్లిలో దిగుతరు. కొందరు ఎంజీబీఎస్‌లో దిగి మూసీ దాటి హైకోర్టుకు నడుస్తరు. 1920లో తలుపులు తెరిచిన ఆ ఎర్రరాతి భవనం నూరేండ్ల నుంచి ఈ మనుషుల కాళ్ల మీదనే నడుస్తున్నది. నిజాం జమానాలో ఉర్దూల నడిచింది, తర్వాత ఇంగ్లిషుల నడిచింది. వకాల్తా, నకలు, దస్తావేజు అన్న మాటలు మాత్రం అట్లనే ఉన్నయి. గుమస్తా అన్న మాట అట్లనే ఉన్నది. గుమస్తా బతుకు గూడ అట్లనే ఉన్నది.

ఒక నోటితో రెండు మాటలు

గుమస్తాకు చట్టంలో జాగ ఎందుకు లేదని అడిగితే పెద్ద పెద్ద తీర్పులు చూపిస్తరు. మనం గూడ చూద్దాం.

బొంబాయిలో సొలిసిటర్ల ఆఫీసు ఉద్యోగులు బోనస్ అడిగిన్రు. వివాదం సుప్రీంకోర్టు దాక పోయింది. 1962లో కోర్టు ఏం చెప్పింది? సొలిసిటర్ పని ఆయన సొంత తెలివి, సొంత చదువు మీద నడుస్తది, గుమస్తాలు టైపిస్టులు చేసే పనికి ఆ సేవతోని నేరుగ సంబంధం లేదు, కాబట్టి అది పరిశ్రమ కాదు అన్నది.

1978లో బెంగళూరు నీటి సరఫరా బోర్డు కేసులో ఏడుగురు జడ్జీల ధర్మాసనం కూర్చున్నది. జస్టిస్ కృష్ణయ్యర్ రాసిన తీర్పు పరిశ్రమ అన్న మాటను విశాలం చేసింది. ఆ పాత సొలిసిటర్ల తీర్పు చెల్లదన్నది. అయితే చిన్న సహాయకునితోని ఒంటరిగ పనిచేసుకునే వకీలు పరిశ్రమ నడుపుతున్నట్టు కాదని ఒక తలుపు తెరిచి పెట్టింది. మన ఊర్ల వకీళ్లలో ఎక్కువ మంది ఆ తలుపులోంచే బయటపడ్తరు. 1982లో పార్లమెంటు చట్టాన్ని సవరించి, పదిమంది కంటె తక్కువ మందితోని నడిచే వృత్తి ఆఫీసులు పరిశ్రమ కిందికి రావని రాసింది. ఆ నిర్వచనాన్ని అమలులోకే తేలేదు.

ఇగ 1984. కేరళలో వకీళ్ల ఫర్మ్ ఒకటి తన గుమస్తాను తీసేసింది. ఆయన ఆ రాష్ట్ర షాపులు, వాణిజ్య సంస్థల చట్టం కింద కొట్లాడిండు. శశిధరన్ కేసు అంటరు దాన్ని. వకీలు ఆఫీసు వాణిజ్య సంస్థ కాదు, కాబట్టి ఆ చట్టం వర్తించదని సుప్రీంకోర్టు తేల్చింది. కిరాణా దుకాణంలో పొట్లాలు కట్టే పిల్లగానికి ఉన్న రక్షణ, న్యాయం నడిపే ఆఫీసులో పనిచేసే మనిషికి లేకపాయె.

ఇప్పుడు రెండు కాగితాలు పక్కపక్కన పెట్టి చూడుండ్రి. బోనస్ అడిగిన రోజు వకీలు వృత్తి ఏమన్నది? మా పనికి గుమస్తాతోని నేరుగ సంబంధం లేదన్నది. గడువు దాటిన రోజు అదే వృత్తి ఏమంటున్నది? గుమస్తా వల్లనే దావా ఆగిపోయింది అంటున్నది. సంబంధం లేనోడు దావా ఎట్ల ఆపుతడు? దావా ఆపగలిగినోడికి సంబంధం ఎట్ల లేకుండ పోతది? లాభం పంచే కాడ పరాయోడు, నష్టం మోసే కాడ సొంతోడు. ఇంత సక్కటి న్యాయం దొరల గడీలల్ల గూడ నడిచింది. జీతగాడు పంటకు వారసుడు కాదు, బర్రె తప్పిపోతే మాత్రం జీతగాడే జిమ్మేదారు.

టెంటు మోసిన చేతులు

2010 సెప్టెంబర్ యాదికి తెచ్చుకోండ్రి. ప్రభుత్వ న్యాయవాదుల పోస్టులలో తెలంగాణకు 42 శాతం ఇయ్యాలని హైకోర్టులో మన వకీళ్లు కొట్లాడిన్రు. నిరాహార దీక్షలు చేసిన్రు. హైకోర్టు దద్దరిల్లింది. న్యాయమైన కొట్లాట. మా ఆఫీసు సార్ గూడ అందులో ఉండె. నేను హాస్టల్ దోస్తులను వెంటేసుకొని పోయి నినాదాలు ఇచ్చిన. అందుకు ఇప్పటికీ గర్వంగనే ఉన్నది.

అయితే ఆ దీక్షా శిబిరం కాడ టెంటు గుంజలు మోసింది ఎవరు? నీళ్ల క్యాన్లు తెచ్చింది ఎవరు? కరపత్రాలు టైపు చేసి జిరాక్సు తీసింది ఎవరు? పెద్దన్న లాంటోళ్లు. ఫొటోల ముంగట వరుసల నల్లకోట్లున్నయి. వెనుక వరుసల తెల్ల అంగీలున్నయి. పేపర్ల ఆ వరుస కత్తిరించిన్రు.

2011 సెప్టెంబర్ 13న సకల జనుల సమ్మె మొదలైంది. 42 రోజులు నడిచింది. సర్కారు ఉద్యోగులకు సంఘాలు ఉండె. ఆర్టీసోళ్లకు, సింగరేణోళ్లకు సంఘాలు ఉండె. వాళ్లు జీతాలు పోగొట్టుకున్నరు, కష్టపడ్డరు, వాళ్ల తరఫున మాట్లాడే నోరు గూడ ఉండె. మా ఆఫీసులో ఏమైంది? కోర్టు బహిష్కరణ ఉన్నది, పని లేదు, కాబట్టి సగం జీతమే అన్నరు. 'తెలంగాణ వస్తే నీకే కదా' అని భుజం తట్టిన్రు. పెద్దన్న ఎదురు మాట్లాడలే. 'వస్తది తమ్మీ, వస్తే మనకు గూడ ఏదో ఒకటి అయితది' అన్నడు. ఆ రాత్రి ఆయన దిల్‌సుఖ్‌నగర్ దాక నడిచిపోయిండు. బస్సులు లేవు.

2014 జూన్ 2న రాష్ట్రం వచ్చింది. 2016లో న్యాయాధికారుల కేటాయింపుల మీద మన జడ్జీలే రోడ్డెక్కిన్రు, సస్పెండయిన్రు. 2019 జనవరి 1న మన హైకోర్టు మనకు వచ్చింది. తెలంగాణ సర్కారు న్యాయవాదుల సంక్షేమం కోసం 100 కోట్ల నిధి పెట్టింది. మంచిదే. ఒక్కో మెట్టు ఎక్కినప్పుడల్ల నల్లకోటు ఒక మెట్టు పైకి పోయింది. పెద్దన్నకు అప్పటికి అరవై దాటినయి. కండ్లు సరిగ కనబడక మానేసిండు. ముప్పై ఏండ్ల కొలువు. పోయే రోజు చేతిలో పీఎఫ్ కాగితం లేదు, గ్రాట్యుటీ లేదు, ఇక్కడ పనిచేసిండు అని ఒక చిట్టీ సుత లేదు. ఒక శాలువా కప్పిన్రు.

ఆంధ్ర పాలకులు మనల్ని రెండో తరగతి మనుషుల లెక్క చూసిన్రని కదా మనం కొట్లాడింది? మన ఇంట్లోనే రెండో తరగతి మనిషిని కూర్చోబెట్టుకున్న సంగతి ఎవరు అడగాలె? నేను అడుగుతున్న. ఆ ఉద్యమంలో ఉన్నోణ్ణి కాబట్టే అడిగే హక్కున్నది.

పేరు కొత్తది, కొలువు పాతది

ఇప్పుడు గుమస్తా అన్న మాట మోటుగ ఉన్నదని పారాలీగల్ అంటున్నరు. ఇగ్నోలో పారాలీగల్ ప్రాక్టీసు డిప్లొమా ఉన్నది. జూబ్లీహిల్స్ దిక్కు ఏసీ ఆఫీసులలో లీగల్ అసిస్టెంట్, లీగల్ అసోసియేట్ అని కార్డులు కొట్టిస్తరు. కార్డు మెడలో పడ్డది, నియామక పత్రంలో పని గంటలు మాత్రం రాయరు.

సర్కారు పారాలీగల్ వాలంటీర్ల సంగతి చూడుండ్రి. 1987 న్యాయసేవల చట్టం కింద నడిచే జాతీయ సంస్థ 2009లో ఈ పథకం పెట్టింది. ఊర్లల్ల, జైళ్లల్ల, పోలీస్ స్టేషన్లల్ల పేదలకు చట్టం చెప్పేటోళ్లు కావాలె. గొప్ప ఆలోచన. అయితే వాలంటీర్ అన్న మాటను అడ్డం పెట్టి జీతం లేదన్నరు. పని చేసిన రోజుకు ఇంత గౌరవ భత్యం. పేదోనికి న్యాయం చెప్పే మనిషి, తను మాత్రం రోజుకూలీ లెక్కన బతకాలె.

ఇంకో దిక్కు హైటెక్ సిటీ. అమెరికా కంపెనీల కాంట్రాక్టులు చదివి, కేసుల కాగితాలు వడబోసే పని మన పోరగాండ్లు రాత్రిళ్లు చేస్తరు. లా చదివినోళ్లు గూడ అందులో ఉన్నరు. 2018 మార్చి 13న ఏ.కె. బాలాజీ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది: బీపీఓ కంపెనీలు ఇచ్చే సేవల సారం న్యాయవాద వృత్తి కానంత వరకు అడ్వకేట్స్ చట్టాన్ని ఉల్లంఘించినట్టు కాదు. కంపెనీకి దారి సాఫైంది. పోరగానికి ఏమైంది? నువ్వు చేసేది వకీలు పని కాదు కాబట్టి బార్ కౌన్సిల్ నిన్ను పట్టించుకోదు. ఇటు మూసీ ఒడ్డున గుమస్తాకేమో, నీది వకీలు ఆఫీసు కాబట్టి షాపుల చట్టం పట్టించుకోదు అన్నరు. వకీలు నీడ పడితే ఒక చట్టం పోయింది, పడకపోతే ఇంకో చట్టం పోయింది.

అమీర్‌పేటలో దొరకని కోర్సు లేదు. గుమస్తాకు తెలిసిన విద్యను మాత్రం ఏ బోర్డూ రాయలే. ఎందుకంటె ఆ విద్యకు ధర కట్టాలంటే ముందు అది విద్య అని ఒప్పుకోవాలె.

సాకులు, జవాబులు

ఈ మాటలు మాట్లాడితే వకీలు దోస్తులు నాలుగు సాకులు చెప్తరు. నాలుగింటికీ జవాబున్నది.

మొదటిది: 'మా జూనియర్లకే గతి లేదు, గుమస్తాకు ఎక్కడి నుంచి తెచ్చి ఇయ్యాలె?' జూనియర్ల బాధ నిజం. అందుకే బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా 2024 అక్టోబర్‌లో సర్క్యులర్ ఇచ్చింది. పట్టణాలలో జూనియర్‌కు నెలకు కనీసం 20,000, పల్లెలలో 15,000 ఇయ్యమని సిఫారసు చేసింది. అది సిఫారసే, హుకుం కాదు. గుమస్తాకు ఆ సిఫారసు సుత దిక్కులేదు. జూనియర్‌కు రేపు సీనియర్ అయ్యే దారున్నది. గుమస్తా ముప్పై ఏండ్లకు గూడ గుమస్తానే. ఇద్దరి ఆకలినీ ఒకదానికి ఒకటి పోటీ పెట్టి, రెండింటినీ ఎగ్గొట్టే తెలివి మంచిది కాదు.

రెండోది: 'కక్షిదారులు గుమస్తా ఫీజు ఇస్తరు కదా.' ఇస్తరు. అదే అసలు రోగం. జీతం ఇయ్యాల్సినోడు ఇయ్యక, ఆ మనిషిని కక్షిదారు జేబు దిక్కు చూసేటట్టు చేసిన్రు. పెండ్లాం పుస్తె తాకట్టు పెట్టి వచ్చిన రైతు కాడ చాయ్ పైసలు అడగాల్సిన గతి పట్టించిన్రు. సెక్షన్‌లో కాగితం కదలాలంటే ఏం కావాల్నో అందరికీ ఎరుకే. ఆ పైసలు అందించే చెయ్యి గుమస్తాది. పట్టుబడితే పోయేది ఆ చెయ్యే.

మూడోది: 'మాది కుటుంబం లెక్క. జీతం, పత్రం అన్న లెక్కలు మా నడుమ ఉండవు.' కుటుంబమైతే ఇంటి పెద్దమనిషి ముసలోడైనంక బువ్వ పెట్టాలె కదా. పెద్దన్నకు ఎవరు పెడుతున్నరు? ప్రేమ ఉన్నదనడానికి రుజువు కాగితం మీద సంతకం. రుజువు లేని మాట కోర్టులో చెల్లదని మీరే కదా రోజూ వాదించేది.

నాలుగోది: 'ఈ-ఫైలింగ్ వచ్చింది, ఇగ గుమస్తాల అవసరం ఉండదు.' ఈ-కోర్టుల మూడో దశకు 2023లో కేంద్రం 7,210 కోట్లు మంజూరు చేసింది. మంచిది. అయితే కాగితం స్కాన్ చేసేది ఎవరు? పీడీఎఫ్‌కు పేజీ నంబర్లు వేసేది, అభ్యంతరం వస్తే సరిజేసి మల్ల ఎక్కించేది ఎవరు? వకీలు సాబ్ ఫోనుకు వచ్చిన ఓటీపీ చదివి చెప్తడు, కంప్యూటర్ ముంగట కూర్చునేది గుమస్తానే. పాత పని పోలేదు, కొత్త పని కలిసింది. వేలకోట్ల ఖర్చులో ఈ మనిషికి కంప్యూటర్ నేర్పడానికి ఎంత పెట్టిన్రో అడగాలె. యాభై ఏండ్ల గుమస్తా అమీర్‌పేటలో తన పైసలతోని ఎంఎస్ ఆఫీస్ నేర్చుకుంటుండు. పిల్లల వయసు వాళ్ల నడుమ వెనుక బెంచీల కూర్చుంటుండు. నేను చూసిన.

ఏం కావాలె

బిచ్చం వద్దు, శాలువాలు వద్దు. కావాల్సినవి ఇవి.

ఒకటి. వకీలు ఆఫీసులో, లా ఫర్మ్‌లో పనిచేసే ప్రతి మనిషికి నియామక పత్రం. అందులో జీతం, పని గంటలు, సెలవులు రాయాలె. బార్ కౌన్సిల్ జూనియర్ల కోసం సర్క్యులర్ ఇచ్చినట్టే గుమస్తాల కోసం ఇయ్యాలె.

రెండు. కనీస వేతనం. 2025 నవంబర్ 21న నాలుగు లేబర్ కోడ్‌లు అమలులోకి వచ్చినయి. కోడ్‌ల మీద కార్మిక సంఘాలకు సవాలక్ష అభ్యంతరాలున్నయి, అవి న్యాయమైనవే. అయితే వేతనాల కోడ్‌లో సంస్థ అంటే పరిశ్రమ, వ్యాపారంతోని ఆగలేదు, వృత్తి నడిచే చోటు గూడ అని అర్థం వచ్చే మాట ఉన్నది. వకీలు ఆఫీసు ఆ మాట కిందికి రాదని ఎవరైనా అంటే కోర్టులోనే తేల్చుకుందాం. రాష్ట్ర సర్కారు గుమస్తా కొలువుకు వేతన రేటు ప్రకటించి, కార్మిక శాఖ అధికారి వకీలు ఆఫీసు మెట్లెక్కేటట్టు చేయాలె. షాపుల చట్టంలో వకీలు ఆఫీసు పేరును సూటిగ రాయాలె, ఇంకో శశిధరన్‌కు ఢిల్లీ దాక పోయే గతి పట్టొద్దు.

మూడు. వృద్ధాప్యానికి భరోసా. పదిమంది ఉంటే గాని ఈఎస్ఐ లేదు, ఇరవై మంది ఉంటే గాని పీఎఫ్ లేదు. ఇద్దరు ముగ్గురితోని నడిచే ఆఫీసుల మనుషులు దేనికీ అందరు. అందుకే ఉమ్మడి రాష్ట్రంలో 1992లో గుమస్తాల సంక్షేమ నిధి చట్టం తెచ్చిన్రు. చట్టమున్నది, దాన్ని నిద్ర లేపాలె. రిజిస్టర్ కాని గుమస్తాలను వెతికి రిజిస్టర్ చేయాలె. సర్కారు న్యాయవాదుల నిధికి పైసలు ఇచ్చినట్టే ఈ నిధికీ ఇయ్యాలె. పశ్చిమ బెంగాల్ 1997లోనే లా క్లర్కుల పేరు మీద చట్టం చేసింది. కేరళ 2003లో గుమస్తాల సంక్షేమ నిధి చట్టం చేసింది. కొట్లాడి రాష్ట్రం తెచ్చుకున్న మనం వాళ్లకంటె వెనుక ఎందుకుండాలె?

నాలుగు. రాజేంద్రనగర్‌లో నూరెకరాలలో కొత్త హైకోర్టుకు 2024 మార్చి 27న పునాదిరాయి వేసిన్రు. జడ్జీలకు, వకీళ్లకు ఎన్ని గదులో నక్షాలో ఉంటయి. గుమస్తాకు ఒక గది, ఒక బెంచీ, ఒక నల్లా ఉన్నయా లేదా అని నక్షా అడిగి చూడాలె. ఇప్పటి హైకోర్టులో మెట్ల మీద కూర్చొని సద్ది తినే మనిషిని కొత్త భవనంలో గూడ మెట్ల మీదనే కూర్చోబెడితే ఆ నూరెకరాలు ఎవరికోసం?

ఐదు. ఇది మన మీద మనమే పెట్టుకోవాల్సిన డిమాండ్. ఉద్యమంలో ముందు నడిచిన వకీలన్నలు, జేఏసీ నాయకులు తమ ఆఫీసు నుంచే మొదలుపెట్టాలె. ఈ వారమే ఒక తెల్లకాగితం తీసుకొని మీ గుమస్తా పేరు, ఊరు, చేరిన తేదీ, జీతం రాసి సంతకం పెట్టుండ్రి. దానికి చట్టం అక్కర్లేదు, సర్కారు అక్కర్లేదు. అది గూడ చేయలేనోళ్లు సామాజిక న్యాయం మీద ఉపన్యాసాలు ఆపుకోవాలె.

విద్యార్థులకు, ఉద్యోగులకు ఒక్క మాట. మీ ఇంట్లో భూమి కేసో, సర్వీసు కేసో ఉంటే ఈసారి వకీలు ఆఫీసుకు పోయినప్పుడు ఆ మూలకు కంప్యూటర్ ముంగట కూర్చున్న మనిషిని పేరు పెట్టి పలకరించుండ్రి. జీతమెంత, కాగితమున్నదా అని అడుగుండ్రి. సిగ్గుపడితే గూడ అడుగుండ్రి. అడిగేటోళ్లు లేకనే ఇంతదూరం వచ్చింది.

పోయిన నెల పెద్దన్నను చూడబోయిన. కంటి ఆపరేషన్ అయింది. మంచం కింద ఒక ఇనుప పెట్టె ఉన్నది. అందులో ముప్పై ఏండ్ల డైరీలు. ఏ కేసు ఏ రోజు, ఏ నకలు ఏ తారీఖు, అన్నీ రాసి ఉన్నయి. ఒక డైరీ తెరిచి ఒక పేజీ చూపెట్టిండు. అది నేను అఫిడవిట్ టైపు చేసిన కేసు. గుమస్తా ఫైలు తప్పిపెట్టిండని రాసిన కేసు. డైరీలో గడువుకు ఎనిమిది రోజుల ముందటి తారీఖున ఆయన చేతిరాత ఉన్నది: 'అప్పీలు కాగితాలు సిద్ధం. సార్‌కు చెప్పిన. సంతకం కాలే.'

ఆ తెల్లారి గూడ రాసి ఉన్నది. సార్‌కు మల్ల చెప్పిన అని.

ముప్పై ఏండ్లు ఊరందరి వకాల్తాలు మోసినోడు. ఆయన తరఫున ఆ డైరీని కోర్టు ముంగట పెట్టేందుకు వకాల్తా ఎవరేస్తరో చెప్పుండ్రి.